నికెల్ మీద మసి

కోదాడలో నేను పనిచేసిన కాలేజీకి వెనకవైపు హాస్టల్, హాస్టల్ వెనక గోబర్ గ్యాస్ తొట్టి ఉండేవి. పొద్దున్నే బర్రెల పేడను నీళ్లలో చేతులతో పిసికి, గడ్డిపరకలు ఏరేసి, ఆ తొట్టిలో పోయాలి. తర్వాత మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని కెమిస్ట్రీ ల్యాబులోకి వచ్చి గాజు సామాను తోమాలి. ఈ రెండు పనులకూ ఇద్దరం ఉండేవాళ్లం. రెండో ఆమె నాకంటే పదిహేనేళ్లు పెద్దది. త్రిపురారం వైపు మనిషి, భర్త చనిపోయి చాలాకాలమైంది. అక్కా అని పిలిచేదాన్ని. నన్ను ఆ పనిలో పెట్టించింది ఆమే.

అవి ఎనభైల చివరి రోజులు. నాకు ముప్పై దాటాయి. నా భర్త మేళ్లచెరువు సున్నపురాయి లారీల మీద పోయేవాడు. చావలేదు, వేరే ఊళ్లో వేరే సంసారం పెట్టుకున్నాడు. మునగాలలో మా అన్న ఇంటికి చేరితే వదిన నా కంచం పశువుల కొట్టం గోడ మీద విడిగా పెట్టేది. రెండేళ్లు ఆ కంచంలో తిన్నాను. కోదాడలో పని దొరికినప్పుడు ఇక ఏం జరిగినా ఆ ఇంటికి తిరిగి పోవద్దని అనుకున్నాను. తర్వాత నేను చేసినదానికి కారణం అదే. కారణం చెబుతున్నాను గానీ అది తక్కువ తప్పని చెప్పడం లేదు.

ల్యాబుకు పెద్ద ఒక లెక్చరర్. నలభై దగ్గర పడుతున్నాడు. పాఠం బాగా చెబుతాడని పిల్లలు అనేవారు. ఆయనకు డాక్టరేటు కావాలి. లోపలి చిన్న గదిలో ఒక కరెంటు కొలిమి, దాని గుండా మంటకు తట్టుకునే గాజు గొట్టం పెట్టుకుని, గ్యాస్ తొట్టి నుంచి రబ్బరు పైపు లాక్కున్నాడు. ఆయన చేసే పని ఏమిటో పిల్లలకు చెబుతుంటే బల్లలు తుడుస్తూ విన్నాను. అట్లా తెలిసిందే నాకు తెలుసు.

పేడ గ్యాసులో మండేది మీథేన్. అందులో కార్బన్, హైడ్రోజన్ ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని ఉంటాయట. ఉత్త మంటతో విడగొట్టాలంటే విపరీతమైన వేడి కావాలి. అదే నికెల్ మీదుగా పంపితే చాలా తక్కువ వేడికే విడిపోతాయి. హైడ్రోజన్ గ్యాసుగా బయటికి వస్తుంది, కార్బన్ మసిగా నికెల్ మీదే కూర్చుంటుంది. నికెల్ తరగదు. కానీ కొన్ని గంటలకు ఆ మసే దాన్ని పూర్తిగా కమ్మేస్తుంది, అప్పుడు పని ఆగిపోతుంది. ఎంత నికెల్ వేస్తే ఎక్కువసేపు పనిచేస్తుందో కనిపెట్టాలని ఆయన తాపత్రయం.

పేడ గ్యాసు అట్లాగే పంపితే నికెల్ చెడిపోతుంది. ముందు సున్నపు తేటలోంచి పంపాలి. కుళ్లిన గుడ్డు వాసన పోవడానికి తుప్పు పట్టిన ఇనుప తురుములోంచి పంపాలి. ఆ తురుము కోసం నన్ను సూర్యాపేటకు బస్సులో పంపాడు. హైవే పక్కన లారీల సామాను చేసే లేత్ షాపుల్లో సంచెడు ఎత్తించుకుని వచ్చాను. చుట్టలు చుట్టలుగా, బ్లేడులాగా ఉంటుంది. సంచి చిరిగి వేళ్లు తెగాయి. ఆయన తురుము తీసి చూసి బాగుందన్నాడు. నెత్తురు గచ్చు మీద పడకుండా బయట నిలబడమన్నాడు.

హైడ్రోజన్ వచ్చిందో లేదో చూడటానికి గాజు జాడీ మూతి దగ్గర అగ్గిపుల్ల పెడతారు. టప్పుమని పేలుతుంది. జాడీ పట్టుకోవడానికి ఆయన అక్కనే పిలిచేవాడు. అక్క ప్రతిసారీ ఉలిక్కిపడేది, పిల్లలు ప్రతిసారీ నవ్వేవాళ్లు. పట్టుకోవడానికి ఇనుప స్టాండు పక్కనే ఉండేది.

అటెండర్ ఒకడు ఉండేవాడు. సీసాల మీద పేర్లు చదవడం వచ్చు గనక మాకు వాడే దొర. రెండు సీసాలు నా ముందు పెట్టి, "ఒకటి యాసిడ్, ఒకటి నీళ్లు. తాగి చెప్పు ఏది ఏందో," అనేవాడు. అక్క ఊరుకునేది కాదు. "ముందు నువ్వు తాగు అన్నా, నువ్వు పడితే మాకు తెలుస్తది," అనేది. అక్క ఎవరికైనా ఎదురు చెప్పేది. లెక్చరర్‌కు కూడా చెప్పేది.

లోపలి గది అక్కది. వేలెడంత పింగాణీ దోనెలు ఉంటాయి, బోట్లు అంటారు. వాటిలోనే నికెల్ పొడి పోసి గొట్టంలోకి నెడతారు. బోట్లు కడగడం అక్క ఒక్కదానికే వచ్చు. చింతపండు కొంగున కట్టుకొచ్చి, నానబెట్టి, ఇటుకపొడితో కలిపి రుద్దేది. సబ్బుకు వదలని మసి దానికి వదిలేది. నేర్పమని అడిగితే, "లోపలి గది నాది పిల్లా. నువ్వు బయటి బల్లలు సూస్కో," అంది. నేర్పితే తన అవసరం తీరిపోతుందని ఆమె భయం. ఆ భయం నిజమేనని ఆ ఏడాదే తేలింది. ఇద్దరెందుకు, ఒకరు చాలని మేనేజ్‌మెంట్ అన్నది. ఉండే ఒకరిని పర్మినెంట్ చేస్తారట. ఎవరుండాలో లెక్చరర్ చెప్పాలి. వచ్చే సోమవారం కమిటీ వచ్చి ల్యాబు చూస్తుందని, ఎక్కడా నల్లమచ్చ కనబడకూడదని ఆయన మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పాడు.

అప్పటి నుంచి అక్క నాతో కలిసి తినడం మానేసింది. నేను కూడా ఆమె వంక చూడటం మానేశాను.

సోమవారం పొద్దున గ్యాస్ తొట్టిలో పైన గట్టిపడిన పేడ తెట్టును పగలగొట్టమని అక్కను పంపారు. హాస్టల్ వంటాయన ఆమెతో ఉన్నాడు. నేను ల్యాబులో ఒక్కదాన్నే. లోపలి గది తలుపు తీసి ఉంది. తుడుద్దామని పోతే గోడ అరలో ఒక ట్రే కనిపించింది. అందులో ఏడు బోట్లు. ఏడూ మసితో పొంగి, అంచులు దాటి, చూడటానికే అసహ్యంగా ఉన్నాయి. ట్రే ముందు ఒక చీటీ ఆనించి ఉంది.

నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. అక్క కడగకుండా వదిలేసింది, కమిటీ వచ్చే రోజే వదిలేసింది అనుకున్నాను. నేను కడిగి పెడితే ఎవరికి పని వచ్చో సార్‌కు తెలుస్తుంది. తొట్టి కాడికి పోతూ అక్క కొంగులోంచి విప్పి పెట్టిన మూట కిటికీలో ఉంది. విప్పి చింతపండు తీసుకున్నాను. ఆమె చేస్తుంటే తలుపు సందులోంచి ఎన్నిసార్లో చూశాను. నానబెట్టి, ఇటుకపొడి కలిపి, ఒక్కో బోటును వేలు దూర్చి రుద్దాను. నల్లటి నీళ్లు సింకులోంచి బయటి కాలువలోకి పోయాయి. ఏడు బోట్లూ పాలపళ్లలా తెల్లబడ్డాయి. చీటీని తడవకుండా పక్కకు తీసి, అర తుడిచి, ట్రే పెట్టి, చీటీని మళ్లీ ఉన్నట్టే ఆనించాను.

పది గంటలకు లెక్చరర్ ఒక అట్టపెట్టె, దూది తీసుకుని వచ్చాడు. ఆ బోట్లను కమిటీ పోగానే హైదరాబాద్ తీసుకెళ్లాలి. ఇక్కడి త్రాసు మీద ఆయనకు నమ్మకం లేదు. పెరిగిన బరువే ఎంత మీథేన్ విడిపోయిందో చెబుతుంది. ఆ మసిని పెద్ద మైక్రోస్కోపు కింద పెడితే దారప్పోగుల్లా కనిపిస్తుందని పిల్లలకు చెప్పిన మాటలు నేనూ విన్నాను. అయినా ఆయన దాచుకున్నది ఆ మసినేనని నాకు తట్టలేదు. మసి అంటే కడగాల్సింది. పుట్టినప్పటి నుంచి నాకు తెలిసింది అంతే.

ఆయన అరవలేదు. ఒక బోటు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"చింతపండు," అన్నాడు.

"అది ఆమెదే సార్, రోజూ కొంగున కట్టుకొస్తది," అన్నాడు అటెండర్.

అక్కను పిలిపించారు. ప్రాక్టికల్స్‌కు వచ్చిన పిల్లలు బల్లల చుట్టూ ఉన్నారు. అక్క మోచేతుల దాకా పేడతో, కడుక్కోవడానికి కూడా ఆగకుండా వచ్చింది. తానేమీ ముట్టలేదని, తెల్లారిన దగ్గర్నుంచి తొట్టి కాడే ఉన్నానని చెప్పింది. ఆయన ఆమె చేతుల వంక చూశాడు. తర్వాత నా వంక తిరిగాడు.

"నువ్వు చెప్పు."

నా గోళ్లలో చింతపండు ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"అక్కనే కడిగింది సార్. నేను సూసిన."

 ఎదురు చెప్పే మనిషి ఆ ఒక్కసారి ఏమీ అనలేదు. నా వంక చూసింది, అంతే.

ఆయన అరలోని చీటీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. చదవమన్నాడు. రాదు సార్ అంది. ఇన్నేళ్లుగా చదువుల మధ్య తిరుగుతున్నావు, రెండు మాటలు రావా, చదువు అన్నాడు. అక్క కాగితం వంక చూస్తూ నిలబడింది. పేడ వేళ్లు కాగితం మీద అచ్చు పడ్డాయి. "తలకిందులుగా పట్టుకుంది సార్," అని ఒక పిల్లవాడు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కాగితానికి ఏది పైనో ఏది కిందో నాకూ తెలియదు.

అంతటితో అయిపోలేదు. పారబోసిందంతా ఎత్తుకురమ్మన్నాడు. అక్క కాగితాన్ని మళ్లీ అరలో పడేసి, బయటికి పోయి కాలువ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, బురదను రెండు చేతులతో తోడి ఎనామిల్ పళ్లెంలో పట్టుకొచ్చింది. పిల్లలు కిటికీల్లోంచి చూశారు. ఆయన పెన్సిల్‌తో ఆ బురదను కాసేపు కెలికాడు. అందులో ఏమీ మిగలదని ఆయనకు ముందే తెలుసు.

"పారేసి రా. రేపటి నుంచి నువ్వు రావద్దు."

మధ్యాహ్నం కమిటీ వచ్చింది. ల్యాబు శుభ్రంగా ఉందని మెచ్చుకుంది.

ఆ ఉద్యోగం నాకు వచ్చింది. అక్క మిర్యాలగూడకు పోయి ఉప్పుడు బియ్యం మిల్లులో చేరిందని విన్నాను. లెక్చరర్ కొలిమి మళ్లీ వెలిగించి ఏడు బోట్ల పనీ మొదటి నుంచి చేశాడు. ఏడాదిన్నర పట్టింది. డాక్టరేటు వచ్చిన రోజు ల్యాబులో మిఠాయి పంచారు. నా వాటా అటెండర్ ఫిల్టర్ కాగితంలో పెట్టి ఇచ్చాడు.

ఇద్దరి పని నేనొక్కదాన్నే చేశాను. ఆదివారాలు ఆయన ఇంట్లో గిన్నెలు తోమి, బట్టలు ఉతికాను. రమ్మని ఎవరూ బలవంతం చేయలేదు. "ఆదివారం ఖాళీయేనా?" అని అడిగేవాడు, పోయేదాన్ని. జ్వరం వచ్చినా పోయేదాన్ని. ఆయన నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. మంచివాడని నలుగురితో చెప్పాను.

తొంభైలలో మా వాడకట్టులో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టారు. పలక పట్టుకునేసరికి నాకు నలభై నిండాయి. ఏడాదికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. సీసాల మీద పేర్లన్నీ ఇంగ్లిషువి, అవి రాలేదు. ఒకరోజు లోపలి గది బూజు దులుపుతుంటే అర వెనక సందులో ఒక కాగితం దొరికింది. పసుపుపచ్చగా మారింది. ఒక మూల వేళ్ల అచ్చులు ఎండి ఉన్నాయి. చీటీ మీద ఇట్లా ఉంది: "కడగరాదు. తూకానికి ఉంచినవి."

రెండుసార్లు చదివాను. అర్థం కావడానికి కష్టం కాలేదు. నన్ను నిలబెట్టేసింది వేరే సంగతి. ఆ గదిలో ఆయన రాసేదంతా ఇంగ్లిషులోనే ఉంటుంది. పిల్లలకూ అటెండర్‌కూ నోటితో చెబుతాడు. ఇదొక్కటే తెలుగులో రాశాడు. అంటే ఇది కడిగేవాళ్ల కోసం రాసింది. కడిగేవాళ్లిద్దరికీ చదువు రాదని ఆయనకు తెలుసు. నోటితో ఒక్క మాట చెబితే సరిపోయేది.

ఆ వారమే సెలవు రోజు చూసి మిర్యాలగూడ బస్సెక్కాను. నాలుగు మిల్లులు తిరిగాక ఆమె దొరికింది. గచ్చు కళ్లంలో ఉడికిన వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎండలో పాదాలతో సాళ్లు తీస్తూ నడుస్తోంది. సగానికి సగం అయింది. నాలుగడుగులకు ఒకసారి ఆగి దగ్గుతోంది. ఊక దుమ్ము కనురెప్పల మీద కూడా ఉంది.

"అక్కా," అన్నాను.

కళ్లు చిట్లించి చూసింది. "నువ్వా," అని మళ్లీ నడవడం మొదలుపెట్టింది. ఆమె పక్కన నడుస్తూ చెప్పాను. ఆ పొద్దున ఆమె మూట విప్పడం దగ్గర్నుంచి అన్నీ చెప్పాను. ఆమె ఆగలేదు. చదువు నేర్చుకున్నానని, చీటీ చదివానని కూడా చెప్పాను.

"మంచిగైంది. ఇగ అబద్ధం రాసి గూడ ఇయ్యొచ్చు," అంది.

నేను తెచ్చిన పండ్ల సంచి వంక చూడలేదు. సాలు చివర వెనక్కి తిరుగుతూ, నేను అడగకుండానే, మాట్లాడింది.

"సారుకు తెల్వదనుకుంటున్నవా? ఆయాల్టి సాయంత్రమే ఆయనింటికి పోయిన, వంటాయన్ని తోల్కపోయిన సాక్ష్యానికి. గేటు లోపలికి రానియ్యలే. నువ్వు కాదని నాకు తెలుసు, నీ చేతులకు పేడ ఉండె అన్నడు. మరి నన్నెందుకు తీసేసిన్రు సారూ అంటే, ఒకరు పోవాలె గద, నువ్వు నోరున్నదానివి అన్నడు. దానికి భయం పట్టింది, ఇగ అది బతికినన్ని దినాలు చెప్పినట్టు వింటది అన్నడు."

ఆగి దగ్గింది. ఉమ్మి, పాదంతో దుమ్ము కప్పింది.

"ఇన్నవా మరి?"

 ఆదివారాలు కళ్ల ముందు కదిలాయి. నన్ను మన్నించమని మాత్రం అడిగాను.

"మన్నిస్త. మన్నిస్తే నువ్వు బస్సుల నిద్రపోతవ్. నాకేమొస్తది? పో. వడ్లు తొక్కుతున్నవ్, పక్కకు జరుగు."

జరిగాను. ఆమె నేను నిలబడిన చోట చెదిరిన సాలును పాదంతో సరిచేసుకుని ముందుకు పోయింది. మళ్లీ తిరిగి చూడలేదు. పండ్ల సంచి గేటు కాడ పెట్టాను. నేను బస్టాండు వైపు తిరిగేలోపే మిల్లు మేక దాంట్లో మూతి పెట్టింది.

కోదాడకు వచ్చేదాకా ఒకటే అనుకున్నాను. ఆయన ముందు నిలబడి అడగాలి. ఇంతకాలం నేను దాచాననుకున్నది ఆయన చేతిలోనే ఉంది. దానితోనే నన్ను తిప్పాడు. అడిగి, పని వదిలేసి రావాలి. ఇప్పుడు నాకు కాగితం రాయడం వచ్చు, రాసిచ్చి రావాలి. బస్సులోనే వాక్యాలు కూర్చుకున్నాను. రాత తప్పులు ఉంటాయని భయం కూడా వేయలేదు.

మర్నాడు ఆయన గదిలోకి పోయాను. జవాబు పత్రాలు దిద్దుతున్నాడు.

"సార్, ఆ బోట్లు కడిగింది నేను."

ఏ బోట్లు అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. తల కూడా ఎత్తలేదు.

"మిర్యాలగూడ వెళ్లావా?" అన్నాడు.

"పోయిన సార్. మీకు ముందే తెలుసట."

"తెలుసు."

ఎర్ర పెన్నుతో ఒక లెక్క కొట్టేశాడు. పేజీ తిప్పాడు.

"ఇన్నేళ్లలో ఒక్క రోజైనా పనిలేక పస్తున్నావా?"

"లేదు సార్."

"ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు పోవాల్సిందే గదా. నువ్వు పోయి ఆమె ఉండి ఉంటే బాగుండేదా? చెప్పు, ఇప్పుడైనా మార్చేద్దాం. పర్మినెంటు కాగితం వాపసు ఇచ్చెయ్యి, ఆమెను పిలిపిస్తాను."

ఇప్పుడు తల ఎత్తి చూశాడు. కోపం లేదు. పిల్లలకు ఒక ప్రశ్న వేసి జవాబు కోసం ఆగినప్పుడు ఎట్లా చూస్తాడో అట్లాగే చూశాడు. పిలిపిస్తాడా, నన్ను పరీక్షిస్తున్నాడా నాకు తెలియలేదు. కానీ పిలిపిస్తాననే అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను. బస్సులో కూర్చుకున్న వాక్యాలు అన్నీ గుర్తున్నాయి. మునగాల ఇల్లు, కొట్టం గోడ మీది కంచం కూడా గుర్తున్నాయి. మిర్యాలగూడ కోదాడకు రెండు గంటల దూరం కూడా లేదు.

ఆయన గడియారం చూసుకున్నాడు. పదిన్నరకు ఫస్టియర్ బ్యాచ్ వస్తుందని, గాజు గొట్టాలు కడిగి తడి లేకుండా ఉంచాలని చెప్పాడు.

"సరే సార్," అని బయటికి వచ్చి నల్లా తిప్పాను.